ఖాళీ మేకు

శుక్రవారం, రాత్రి

జమాఖర్చు రాయడం అయిపోయింది. అందులో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

కొత్తవాడ ప్రదర్శనలో మేనకోడలు రెహానా ఫోటోలకు ఫ్రేములు కట్టి, మేకులు కొట్టింది నేనే. పగిలిన గాజో, తాళంచెవో దారిలో ఎక్కడ దొరికితే ఆ చోటును తను ఫోటో తీసి, దాని కింద ఆ వస్తువునే తగిలించింది. చూస్తుంటే పోగొట్టుకున్నవాళ్లు ఇప్పుడే వెనక్కి వస్తారనిపిస్తుంది.

ఈరోజు ఒక ముసలామె నిజంగానే వచ్చింది. ములుగు బస్సు సీటు ఫోటో కింద వేలాడుతున్న ఇత్తడి సున్నపుడబ్బీ ముందు ఆగిపోయింది.

"ఇది నాదే బిడ్డా. మూతకు సొట్ట సూడు. మా ఆయన మీదికి ఇసిరితే పడ్డది."

రేపు బహుమతి నిర్ణయించేవాళ్లు వస్తారు. ఇప్పటిదాకా చూడడానికి వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నది ఆ డబ్బీనే. రెహానా దాన్ని తీసి ఆమె చేతిలో పెట్టింది.

"మరి నీ పటం బోసిపోతది గద?"

"పోనీ అవ్వా. నువ్వు ఆకేసుకో."

నేనైతే ప్రదర్శన ముగిసేదాకా ఆగమనేవాణ్ణి. ఆమె వెళ్లాక, మట్టెవాడలో అలాంటి డబ్బీ ఒకటి కొని తెస్తానన్నాను.

"అది కొన్నదయితది మామా, దొరికింది గాదు," అంది రెహానా. మేకు కూడా పీకనివ్వలేదు.

రేపు వాళ్లు ఆ ఖాళీ మేకును చూసి ఏమనుకుంటారో. ఇంత చిన్న వయసులో ఆ పిల్లకు అంత పెద్ద మనసు ఎలా వచ్చిందో. బయలుదేరే ముందు ఆ మేకు కాస్త వంగినట్టు కనిపిస్తే, సరిచేసి వచ్చాను.