జగ్గు మామ ఎవరు?

అన్నా,

మన త్రివేణిని చెరకు లారీతో గుద్దిన సంగన్నతో నేను కూర్చుని మాట్లాడానని నీకు కోపం వచ్చిందట. వదిన ఫోన్‌లో చెప్పి ఏడ్చింది. కేసు నేను వదులుకోలేదు. అతనికి శిక్ష పడాలి. కానీ జహీరాబాద్ రోడ్డు మీద నా బిడ్డ ఎట్లా పోయిందో చూసినవాడు అతనొక్కడే. అందుకే మన కేసు చూస్తున్న వకీలమ్మ అతనితో ఎదురెదురుగా మాట్లాడిస్తానంటే ఒప్పుకున్నాను.

తిట్టాలనే వెళ్ళాను. తీరా చూశాక, "నా బిడ్డ ఏమన్న అన్నదా?" అని మాత్రమే అడగగలిగాను.

అతను తల ఎత్తకుండానే చెప్పాడు. "అంబులెన్స్ వచ్చేదాంక తల నా ఒడిల పెట్టుకున్ననమ్మా. కండ్లు కనవడనట్టుండె. నా చెయ్యి పట్టుకోని, 'జగ్గు మామా, నన్ను ఇడిసిపెట్టి పోకు' అన్నది. నేను పోలే."

మళ్ళీ తనే అడిగాడు. "జగ్గు మామ ఎవరమ్మా?"

తండ్రి లేని పిల్లను భుజాల మీద పెంచిన మా అన్న అని చెప్పబోయాను. చెప్పకుండానే లేచి వచ్చేశాను.

వచ్చే వారం మళ్ళీ కూర్చోబెడతారు. నువ్వు రా అన్నా. ఆ మాట నువ్వే చెప్పు.

నీ చెల్లెలు