వెయిటింగ్ హాలు గోడగడియారాన్ని దించవలసిందిగా

మానసిక వైద్యశాల సూపరింటెండెంటు గారి సముఖమునకు, గడియారాలు బాగుచేసుకుని బతికే ఒక తండ్రి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తమ ఆసుపత్రి వెయిటింగ్ హాలు గోడకు ఉన్న గడియారమును తక్షణం దింపించుట గురించి.

విషయం మరీ చిన్నదని తమరు నవ్వుకోవచ్చును. నవ్వుకున్నాక మిగతాది కూడా చదవమని మనవి.

1. నా కుమారుడు నా దగ్గరే పని నేర్చుకున్నాడు. కొంతకాలంగా మెత్ అనే మత్తుమందుకు లోబడి ఉన్నాడు. చూడటానికి గాజుపెంకుల్లా ఉంటుందది. ఈ సంగతి మాకు ఆలస్యంగా తెలిసినది. వాడు నిద్రాహారాలు మాని పనిబల్ల ముందు కూర్చుంటుంటే మేము సంబరపడ్డాము. "చూశారా, మనవాడు దారిలో పడ్డాడండీ. లేపినా లేవనివాడు ఇప్పుడు పడుకోమన్నా పడుకోవట్లేదు" అని వాడి తల్లి మురిసిపోయినది. మా వృత్తిలో కూర్చున్న చోటి నుంచి లేవనివాడినే పనిమంతుడంటారు. అందుచేత మోసపోయితిమి.

2. తదుపరి గమనించినది: వాడు విప్పుతున్నాడే గాని బిగించుట లేదు. షాపులోవి అయ్యాక ఇంట్లోవి మొదలుపెట్టెను. పళ్లచక్రాలు, స్ప్రింగులు, నువ్వుగింజంత మరలు, అన్నీ ఒక దుప్పటి మీద సైజుల వారీగా పేర్చియున్నవి. వాడి తల్లి ఆ దుప్పటి అంచు తొక్కకుండా గోడకు ఆనుకుని వంటింట్లోకి వెళ్లుచున్నది. గడియారాలు ఉన్న చోట్ల గోడ మీద తెల్లటి గుండ్రాలు మిగిలినవి. టైమెంతయిందోనని ఆమె ఇప్పటికీ తలెత్తి ఆ గుండ్రాల వంకే చూచును. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మా ఇంట్లో టిక్కుటిక్కుమనే చప్పుడు ఆగలేదు. ఇప్పుడు ఆ నిశ్శబ్దం గదిగదికీ మా వెనకాలే తిరుగుచున్నది. నాకు భయంగా ఉన్నదయ్యా. ఇది అర్జీలో రాయదగినదో కాదో తెలియదు.

3. ఎందుకు విప్పుతున్నావురా అని అడగగా, "లోపల నా గురించే మాట్లాడుకుంటున్నారు నాన్నా. నువ్వు రాగానే ఆపేస్తారు" అనెను. నేను వాదించితిని. అరిచితిని. తలుపుకు అడ్డం నిలబడితిని. నన్ను తోసుకుని పోయినాడు. మళ్లీ వచ్చునప్పటికి చెంపలు పీక్కుపోయి, చేతులు గోకి గోకి పుండ్లు పడియుండును. మా వాడి చొక్కా వేసుకుని ఇంకెవరో వచ్చి వాడి కంచంలో తింటున్నట్లు ఉండును.

4. తమ ఆసుపత్రి కౌన్సెలరమ్మ గారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పినది: "మత్తులో ఉన్నప్పుడు వాదన పెట్టుకోకండి. గొంతు తగ్గించి ఒక్కో మాటే చెప్పండి. తలుపుకు అడ్డం నిలబడొద్దు. మీద పడేలా ఉంటే మీరే బయటికొచ్చి సాయం పిలవండి. వినపడుతోందని ఒప్పుకోవద్దు, అంతా అబద్ధమని కొట్లాడొద్దు. 'నాకు వినపడట్లేదు నాన్నా, నీకు భయంగా ఉంది కదా, నేనున్నాను' అనండి. డబ్బివ్వొద్దు, అన్నం పెట్టండి. వస్తానన్న పూటే తీసుకురండి. రేపటికి ఆ మాట మీద ఉండకపోవచ్చు." మేము అట్లే నడుచుకొనుచున్నాము. ఆవిడ పుణ్యాన ఒకనాడు వాడు చెప్పులేసుకుని నా వెంట వచ్చెను.

5. అసలు ఫిర్యాదు ఇది. సదరు హాలులో మమ్మల్ని కూర్చోబెట్టిన బెంచీకి ఎదురుగా సదరు గడియారం కలదు. బ్యాటరీ నీరసించి, సెకన్ల ముల్లు ఒక్కచోటే ఎగిరెగిరి పడుచున్నది. ముందుకు పోదు, ఆగిపోదు. మా వృత్తివాడెవడూ దాని ఎదుట కూర్చోలేడు. మత్తు అంటని నాకే చేతులు దురద పెట్టినవి. వాడు చెవులు మూసుకుని, "నాన్నా, అది నన్ను చూసే ఆగింది" అనెను. కౌన్సెలరమ్మ నేర్పిన మాట నా నోటికి వచ్చేలోగా కుర్చీ ఎక్కి దాన్ని అందుకొనెను. గార్డు "ఏయ్ దొంగా, దిగు!" అంటూ వెనక నుంచి నడుం పట్టుకొనెను. వాడు విదిలించుకుని పరుగు తీసినాడు. మా టోకెను పిలిచినప్పుడు బెంచీ మీద నేనొక్కడినే ఉన్నాను.

కావున ఆ గడియారాన్ని దింపించవలెను. వాడు డాక్టరు గారి గదిలోకి వెళ్లాక నేనే ఉచితంగా బాగుచేసి తగిలించెదను. గార్డు వెనక నుంచి పట్టుకోరాదు. వాడు దొంగ కాడు. దాన్ని విప్పబోయినాడో, బాగుచేయబోయినాడో నాకు తెలియదు. బాగుచేయబోయినాడేమోనన్న ఆశతోనే నేనింకా షాపు తెరుస్తున్నాను.

నా మొర పెడచెవిన పెట్టక, ఫైళ్లలో పడుకోబెట్టక, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గడియారాల మరమ్మతుదారు

మళ్లీ మనవి: అయ్యా, సంతకం పెడుతుండగా వాడొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "వస్తాను నాన్నా. ఆ గడియారం ఇంకా అక్కడే ఉందా?" అని అడిగాడు. తీసేశారురా అని చెప్పాను. చెప్పులు వేసుకుంటున్నాడు. ఈ కాగితం వాడి చెల్లెలికిచ్చి సైకిల్ మీద ముందు పంపుతున్నాను. వాడు బస్సెక్కడు, మేం నడిచి వస్తాం. ఎవరికీ రాసి పంపకండి, ఎవరి అనుమతీ అడగకండి. కుర్చీ వేసుకుంటే అందుతుంది. మీరే దించండి.