నా బకెట్టుకు నాకే టోకెను ఇచ్చిన విషయమై

మండల వ్యవసాయ అధికారి గారి సముఖమునకు,
చింతగుంపు మండలం.

మోతీతండా వాస్తవ్యుడు, బానోతు రూప్లా కుమారుడు, పన్నెండు సీట్ల డీజిల్ వ్యానుకు ఓనరు మరియు డ్రైవరు అయిన బానోతు దస్రు వ్రాసుకొను అర్జీ.

విషయం: బండి పొగను శుభ్రపరచు ద్రవమును పొలములో చల్లు యూరియాగా భ్రమపడి, రెండు బకెట్లు స్వాధీనపరచుకొని, అందొకదానిని ఎండలో పెట్టి పాడుచేసిన విషయమై.

అయ్యా,

పై విషయములో నేను తమకు సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా తండా పక్కనే గుంపు అనబడు చిన్న పల్లెలో ఉండే రిటైర్డు టీచరు అంతోనయ్య సారుకు రెండు కిడ్నీలూ పనిచేయవు. ప్రతి సోమవారం, గురువారం ఆయనను భద్రాచలం దవాఖానాకు డయాలిసిస్ నిమిత్తం తీసుకుపోయి, తిరిగి ఇల్లు చేర్చుట నా వ్యాను పని. మిగతా సీట్లలో బూర్గంపాడులో దిగేవాళ్లు కూర్చుంటారు. వెనుక సీటు మాత్రం సారుది. వచ్చేటప్పుడు ఆయన పడుకోవాలి, కనుక ఆటో పనికిరాదు.

2. ఈ నెల రెండవ తేదీ శనివారం, యూరియా పక్క రాష్ట్రానికి తరలిపోకుండా అడవి దారిలో తమరు పెట్టిన చెక్‌పోస్టు వద్ద, తమ విస్తరణాధికారి రవికుమార్ సారు నా వ్యాను ఆపి, సీటు కింద ఉన్న ఇరవై లీటర్ల బకెట్టు చూపి, "ఏంది దస్రు, దీంట్ల ఏమున్నది?" అని ప్రశ్నించారు. నేను, "యూరియా సార్" అని జవాబిచ్చాను. నేను చేసిన నేరం ఆ ఒక్క మాట. బకెట్టు మీద డెఫ్ అని ఇంత పెద్ద అక్షరాలతో ఉంది. కానీ ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఏ డ్రైవరును అడిగినా దాన్ని యూరియా అనే అంటాడు. నేనూ డ్రైవరునే కదా సార్!

3. సదరు డెఫ్ అనే ద్రవంలో నూటికి ముప్పై రెండున్నర పాళ్లు యూరియా, మిగిలినది శుద్ధి చేసిన నీరు. కొత్త డీజిల్ బండ్లకు దీని కోసం వేరే ట్యాంకు ఉంటుంది. పొగలోని విషాన్ని ఇది విరుస్తుంది. దీని నిల్వ పసిపిల్లను సాకినట్టే. ఎండ తగలరాదు. ముప్పై డిగ్రీలు దాటరాదు. మూత తీసి ఉంచరాదు. ఇనుప మగ్గు, రాగి చెంబు తాకరాదు. నీడపట్టున ఉంటే ఏడాది ఉంటుంది, వేడిలో ఉంటే ఆరు నెలలకే చచ్చిపోతుంది. కొనేటప్పుడు తయారైన తేదీ చూడాలి, సీలు చూడాలి, తేటగా ఉందో లేదో చూడాలి. మూత తీయగానే వాసన ముక్కు బద్దలు కొట్టి కళ్లు మండిస్తే అది అయిపోయినట్టే.

ఇంట్లో ఇంతకుముందు బకెట్టును గోడవారగా, మా ఆవిడ హేమ్లి మంచినీళ్ల కుండలు పెట్టుకునే మూలన పెట్టేవాణ్ణి. "మనుషులం ఉక్కపోతకు సస్తుంటే నీ బకెట్టుకు సల్లటి మూల గావాల్నా? దాని పక్కన్నే పండుకోపో!" అని ఆమె నన్ను మూడు రోజులు వరండాలో పడుకోబెట్టింది. ఇది తమ కార్యాలయానికి సంబంధించిన ఫిర్యాదు కాదు. ఎంత జాగ్రత్తగా కాపాడుకున్న వస్తువో తెలియజేయుటకు మాత్రమే వ్రాయుచున్నాను.

4. అట్టి బకెట్టును తమ కార్యాలయం పడమటి వరండాలో పెట్టారు. ఈ శ్రావణంలో వాన జాడ లేదు. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఎండ నేరుగా దాని మీదనే. అది చాలదన్నట్టు పరీక్ష నిమిత్తం తమ అటెండరు దూలయ్య సీలు పీకి, ఇనుప మగ్గు ముంచి, వరండా ముందున్న మందారం మొక్కకు రెండు మగ్గులు పోశాడు. మొక్క ఏపుగా పెరిగితే యూరియా అని తేలుతుందట. నాలుగో రోజుకు మొక్క మాడిపోయింది. హమ్మయ్య, నా నిజాయితీ రుజువైంది అని నేను సంతోషించాను. రవికుమార్ సారు మొక్కను చూసి, నన్ను చూసి, "దస్రు, నువ్వు అమ్మేది కల్తీ యూరియా" అన్నారు. ఆ విధంగా నా మీద కేసు అక్రమ రవాణా నుంచి కల్తీకి మారినది. మందారం పట్ల నాకు నిజంగానే విచారముగా ఉంది.

5. ద్రవ యూరియా వచ్చిందని ఊరూరా పాకింది. మరునాడు తెల్లవారేసరికి నా బకెట్టు ముందు రైతుల చెప్పులు, పాస్‌బుక్కులు గేటు దాకా లైను కట్టి ఉన్నాయి. నేను నేరుగా లోపలికి పోబోతే మా తండా బలరాం అన్నే చెయ్యి అడ్డం పెట్టి, "ఏందిరా దస్రు, మేం పొద్దుగాల సంది ఈడ పిచ్చోళ్ల లెక్క గూసున్నమా?" అని గదిమాడు. "అన్నా, అది నా బకెట్టే" అంటే, "అందరిదీ గదే మాట" అన్నాడు. దూలయ్య నాకు టోకెను ఇచ్చాడు. నంబరు అరవై ఒకటి. ఆ టోకెను దీనికి జతపరుస్తున్నాను.

6. ఇంకో బకెట్టు కొనుక్కోరాదా అని తమరు అడగవచ్చు. నా బామ్మర్ది హాతీరాం కొత్తగూడెం పోయి, తేదీ చూసి, సీలు చూసి, కొత్త బకెట్టు మోటారుసైకిలు మీద తెచ్చాడు. అదే చెక్‌పోస్టు. నేను ముందే చెప్పి ఉంచినందున, యూరియా అనే మాట నోట రానీయక, "డెఫ్ సార్" అన్నాడు. "డెఫ్ అంటే ఏంది?" అన్నారు. వాడు అబద్ధం ఆడలేడు. "యూరియా నీళ్లు సార్" అన్నాడు. దానినీ దింపుకున్నారు.

ఇక రోడ్డు మీది షాపులో ఒక్కటి మిగిలి ఉంటే పోయాను. రెండు ఎండాకాలాలుగా షాపు ముందే ఉన్నదట, తేదీ చెరిగిపోయింది, బకెట్టు ఉబ్బింది. మూత తీయగానే కళ్లవెంట నీళ్లు కారాయి. అది పోస్తే వ్యానుకే ప్రమాదమని వద్దన్నాను. కళ్లు తుడుచుకుంటుంటే షాపతను, "వాసన ఘాటుగున్నదా?" అన్నాడు. అవ్ అన్నాను. అతని ముందు ఇంకేం చెప్పను!

7. ట్యాంకులో ఈ ద్రవం అడుగంటితే వ్యాను తానే హెచ్చరిస్తుంది. ఇంకా ఇన్ని కిలోమీటర్లు, ఆ తర్వాత బండి ఆపితే మళ్లీ లేవను అని అద్దం కింద అంకె చూపిస్తుంది. రెండవ తేదీన ఆ అంకె నాలుగు వందల అరవై ఆరు. దవాఖానాకు అయిదు సార్లు పోయి వచ్చినందుకు మూడు వందల నలభై ఖర్చయినవి. తమ దర్శనార్థం నాలుగు సార్లు వచ్చి, తమరు క్యాంపులో ఉన్నారని తెలుసుకొని మరలిపోయినందుకు నూట పన్నెండు ఖర్చయినవి. బండిని బతికించమని అడగడానికే బండి ప్రాణం ఇంత ఖర్చు పెట్టాను సార్. ఈ ఉదయం అంకె పద్నాలుగు. మా తండా నుంచి తమ కార్యాలయం సరిగ్గా పద్నాలుగు కిలోమీటర్లు.

ఈ అర్జీలోని వ్యాకరణం అంతోనయ్య సారు దయ. వెనుక సీటులో పడుకొని చెబుతుంటే నేను వ్రాస్తున్నాను. కోపం మాత్రం నాది. ఏడవ అంశంలో నేను వాడిన రెండు మాటలను సారు కొట్టివేయించారు. "అధికారికి రాసేటప్పుడు గిట్ల రాయొద్దు బిడ్డా, ఆయన గూడ మనిషే" అన్నారు.

కావున తమ దయగల హృదయమునకు నివేదించునది ఏమనగా, మొదటి బకెట్టును నేను వదులుకొంటున్నాను. ఎండా, మగ్గూ కలిసి దాని పని పట్టాయి. రెండవ బకెట్టు సీలు మాత్రం చెక్కుచెదరలేదు. కిటికీ లేని దస్త్రాల గదిలో, చల్లని మూలన, దూలయ్య దానిని స్టూలుగా వాడుకుంటున్నాడు. తెలియక చేసినప్పటికీ ఆ ద్రవమును ఇంత పద్ధతిగా నిల్వ చేసినందుకు తమ కార్యాలయమును అభినందిస్తూ, దానిని ఈ దినమే నాకు ఇప్పించవలసినదిగా ప్రార్థన.

ఈ మనవిని చిత్తగించవలెనని, వీలైతే పదకొండు గంటలలోపు చిత్తగించవలెనని కోరుకొనుచు,

తమ విధేయుడు, యూరియా ఎన్నడూ అమ్మనివాడు,
బానోతు దస్రు
ఆగస్టు 21, గురువారం

తా.క.: సార్, ఈ కింది రాత అంతోనయ్య సారు దిద్దలే. కండ్లు మూసుకొని ఉన్నడు, లేపబుద్ధి గాలే. కాళ్లు బాగ వాచినయ్. మీ గేట్ల బండి ఆపిన, ఆఫీసు ముందట చప్పుడెందుకని మర్యాదకు తాళం తిప్పిన. అంకె సున్నా అయింది. ఇగ లేస్తలేదు. మీ జీపుకు అడ్డం బడ్డది, కావాలని చేసింది గాదు. పదకొండు దాటితే దవాఖానాల సారు మంచం వేరేటోళ్లకు ఇస్తరు. మళ్ల సోమవారమే. సోమవారం దాకా ఆయన ఆగడు సార్. మీరు లోపట్నే ఉన్నరని, పై ఆఫీసు ఆర్డరు లేంది సంతకం పెట్టనన్నరని దూలయ్య ఇప్పుడే చెప్పిండు. సంతకం వద్దు సార్. కాయితం గూడ వద్దు. మీరు జెర గోడ దిక్కు తిరిగి అయిదు నిమిషాలు నిలబడుండ్రి. దూలయ్యను బకెట్టు మీదికెంచి లేపుడు నేను చూసుకుంట.