దొరసానికి హైస్కూలు

ప్రియమైన శ్రీవారికి,

ఈ కొత్త ఊరికి క్షేమంగా చేరాను. బట్టల మిల్లులో రంగుల విభాగం మొత్తం నా నెత్తినే పెట్టారు. వచ్చిన రోజే మోచేతుల దాకా నీలం అంటుకుంది, ఏ సబ్బుకీ లొంగడం లేదు. ఈ చేతులతోనే హైస్కూళ్ల గుమ్మాలెక్కుతున్నాను.

ఫోన్లో మాట్లాడితే మీ గారాల కూతురు, మన దొరసాని, పక్కనే చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది, అందుకే ఈ ఉత్తరం. మొదటి స్కూల్లో ఆరో తరగతికి సీట్లున్నాయన్నారు. పాపకి ఆటిజం అని చెప్పానో లేదో, ఉన్న సీట్లన్నీ నిండిపోయాయి! బస్సు డిపో పక్కన ఇంకో పెద్ద స్కూలుంది. ఇంటర్వెల్ గంట కొట్టగానే పిల్లలు మీద పడిపోయారు. అక్కడి సోషల్ టీచరమ్మ నడవాలో నిలబడి ఏదో చెప్పింది గానీ, ఆ గోలలో ఒక్క ముక్క వినపడలేదు. మన పిల్ల అక్కడ ఒక్క పూట నిలబడగలదా?

ఇక మూడోది. లైబ్రరీ వెనక చిన్న స్కూలు. గంట లేదు, గొడవ లేదు. హెడ్మిస్ట్రెస్ గారు నన్ను కూర్చోబెట్టి, "మీ పాపకి ఏమంటే సంతోషం?" అని అడిగారు. ఇన్నేళ్లలో అందరూ "సమస్యేమిటి?" అనే మొదలుపెట్టారండీ. ఆవిడ ముందే ఏడ్చేశాను. మీరు పిల్లని తీసుకొచ్చేదాకా సీటు అట్టే పెడతానన్నారు. నా మనసులో ఇదే ఖాయం.

మీ
నీలం చేతుల ఇల్లాలు

*

నీలం చేతుల ఇల్లాలికి,

దాచడం నా వల్ల కాలేదు. నీ ఉత్తరం దొరసానికి చదివి వినిపించాను. మొత్తం విని, కుట్టు మిషన్ మీద ఉన్న నా కత్తెర తీసి డ్రాయర్లో పెట్టేసింది. కోపమొస్తే అంతేగా, ఎదుటివాళ్ల పని ఆపేస్తుంది.

"స్కూలుకి వెళ్లేది ఎవరు?" అంది.

"నువ్వే."

"మరి అమ్మ నీకెందుకు రాసింది?"

అడిగింది నిజమే. కొలతలు తీసుకోకుండా బట్ట కత్తిరించే దర్జీని నేనైతే కొట్లోంచి గెంటేస్తాను. మనం చేసింది అదే. కొత్త ఊరు తలుచుకుని నాలుగు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. చొక్కా లోపలి లేబుల్ నేను పీకేసినా, ఉన్నట్టే మెడ గోక్కుంటోంది. అయినా ఒక్క మాట గట్టిగా చెప్పింది: "రెండూ చూస్తాను. గోలగా ఉండేది కూడా."

వచ్చే వారం తీసుకొస్తున్నాను. పెద్ద స్కూలుకి వద్దనకు. గేటు దగ్గరే వెనక్కి తిరిగితే తిరుగుతుంది, అదీ తన ఇష్టమే.

ప్రేమతో,
మీ దర్జీ

*

ప్రియమైన శ్రీవారికి,

మీ రైలు కదిలాక కూడా స్టేషన్ బల్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

చిన్న స్కూల్లో ఎంత బాగా చూశారో మీరూ చూశారు. క్లాసులో పిల్లలందరూ లేచి, మన పిల్ల వైపు తిరిగి నవ్వారు. నేను పొంగిపోతున్నాను, తనేమో మీ వెనక నక్కింది. పెద్ద స్కూల్లోనేమో, చప్పుడు వినపడకుండా చెవులకి మఫ్‌లు పెట్టుకుని గోడ వెంబడి నడవా చివరిదాకా వెళ్లొచ్చింది! "అమ్మా, ఇక్కడ నన్నెవరూ చూడట్లేదు. ఇదే నాది" అంది. మీరు ఫక్కున నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

సీటు అట్టేపెట్టిన మనిషికి కాదని చెప్పడానికి నిన్న ధైర్యం చిక్కబట్టుకుని వెళ్లాను. హెడ్మిస్ట్రెస్ గారు, "మేం అందరం ఒక్కసారే తిరిగి చూడకుండా ఉండాల్సింది. మీ పాప మాకో సంగతి నేర్పింది" అన్నారు. అంతటితో ఆగారా? తమకి తెలిసిన ఆ పెద్ద స్కూలు సోషల్ టీచరమ్మకి నా ముందే ఫోన్ చేశారు. గంట కొట్టకముందే పాపని బయటికి పంపాలనీ, గోల భరించలేనప్పుడు స్కూలు లైబ్రరీలో కూర్చోనివ్వాలనీ ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆవిడకి మనం ఏమవుతామండీ? తమ స్కూల్లో చేరని పిల్ల కోసం ఎవరింత చేస్తారు?

అయినా భయం పోలేదు. ధైర్యం చెబుతూ రాయండి.

మీ
ఇల్లాలు

*

ఇల్లాలికి,

దొరసానిని నీకప్పగించి వచ్చినప్పటినుంచీ కొట్టు బోసిగా ఉంది. చేతిలో ఉన్న బట్టలు కుట్టిచ్చేస్తే నేనూ వచ్చేస్తాను. ధైర్యం చెప్పమన్నావు కదా, నిజం చెప్పనా? స్కూల్లో నవ్వాను గానీ రైల్లో దారంతా దిగులే. దొరసానికి పంపే యూనిఫాం కాలర్లకి గట్టి గుడ్డ తీసేసి మెత్తటి నూలు గుడ్డ వేస్తున్నంతసేపూ, కాలరైతే నేను మార్చగలను, మిగతాది ఎవరు మారుస్తారు అనుకున్నాను.

ఫోన్ చేస్తే "బాగానే ఉంది" అంటున్నావు. నీ "బాగానే" నాకు తెలియనిదా? ఉన్నదున్నట్టు రాయి.

మీ
దర్జీ

*

ప్రియమైన శ్రీవారికి,

ఉన్నదున్నట్టే రాస్తున్నాను. మొదటి వారం బాగా లేదు. ఒకరోజు మెట్ల కింద దూరి ఎంతకీ బయటికి రాలేదట. సోషల్ టీచరమ్మ పక్కనే మెట్టు మీద కూర్చుని తన పేపర్లు తాను దిద్దుకుంటూ ఉండిపోయిందట. పలకరించలేదు, బతిమాలలేదు. చివరికి పిల్లే వచ్చి, "ఇక్కడ తప్పు దిద్దారు" అందట. మీకు ఫోన్లో చెబితే కొట్టు మూసి వచ్చేస్తారని చెప్పలేదు.

ఇక నిన్న మిల్లుకి ఫోనొచ్చింది, ఒకసారి రమ్మని. అయిపోయింది, తీసుకెళ్లిపొమ్మంటారు అనుకుంటూ పరుగెత్తాను. తీరా చూస్తే మన దొరసానీ, పక్కన కూర్చునే రెండు జడల పిల్లా క్లాసు బయట నిలబడి ఉన్నారు. ఇద్దరి మూతులూ మూరెడు.

"మ్యాపులో ముందు నదులు గీయాలా, సరిహద్దులు గీయాలా అని కొట్టుకున్నారండీ. క్లాసంతా గోల. ఇద్దర్నీ తిట్టి బయట నిలబెట్టాను. మీకు తెలియాలి కదా" అంది టీచరమ్మ.

"ఇద్దర్నీనా?" అన్నాను.

"ఇద్దర్నీ."

"మా పిల్ల ఒక్కదాన్నే వేరుగా..."

"వేరుగా ఎందుకండీ? ఇద్దరూ అరిచారు కదా!"

నేను ఆవిడ చేతులు పట్టుకుని థాంక్స్ చెప్పాను. పిల్లని తిడితే థాంక్సేమిటని ఆవిడ నా మొహం కేసి వింతగా చూసింది. ఆవిడకేం తెలుసు? మన పిల్లని చూసి జాలిపడ్డవాళ్లున్నారు, పక్కకి తప్పుకున్నవాళ్లున్నారు. ఇన్నేళ్లలో దానితో సమానంగా దెబ్బలాడిన పిల్ల ఒక్కతీ లేదండీ.

ఇంటికొచ్చేదాకా నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. స్కూలు మానేస్తానంటుందేమో అనుకున్నాను. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, నా ముందుకొచ్చి నిలబడింది.

"రేపు పెందలాడే లేపు. నదుల సంగతి ఇంకా తేలలేదు."

బట్టలు కుట్టిచ్చేసి త్వరగా రండి. ఈ సంతోషం ఒక్కదాన్నే మోయలేకపోతున్నాను.

మీ
ఇల్లాలు