నిర్వహణ మాత్రమే

అక్టోబర్ 14, మంగళవారం.
మబ్బు. ఉత్తరపు గాలి. చూరు గొట్టాల్లో ఆకులు తీశాను. పక్షులకు గింజలు పోశాను.

నా భార్య ఆర్డిస్‌కు క్లినిక్ వాళ్లు ఊరికే ఇచ్చిన మాత్రలు ఈ నెలాఖరుకు సరి. కేన్సర్ ఆగి ఉన్నది వాటితోనే. వాటికి డబ్బు ఇవ్వబోమని బీమా కంపెనీ నుంచి మేలోనే ఉత్తరం వచ్చింది. నరంలోకి ఎక్కించే మందుకు ఇచ్చినట్టే మాత్రకూ బీమా కంపెనీ ఇవ్వాలని మా రాష్ట్రంలో చట్టం ఉంది. లైబ్రరీలో కూర్చుని మొత్తం చదివాను. రాష్ట్ర బీమా శాఖకు ఫిర్యాదు పంపాను.

అక్టోబర్ 15.
వాన. గింజలు. ఆర్డిస్ వెక్కిరించింది. నలభై ఏళ్లలో తనకు ఒక్క ఉత్తరం రాయనివాణ్ణి సర్కారుకు నాలుగు పేజీలు రాశానట.

నవంబర్ 5.
మొదటి మంచు. గింజలు. మాత్రలు అయిపోయి ఐదు రోజులు.

మా ఫ్యాక్టరీ ఆఫీసులో బీమా కాగితాలు చూసే నోరీన్, ఇక్కడ కూడా అప్పీలు పెట్టావా అని అడిగింది. రాష్ట్రం చూస్తోంది కదా అన్నాను. ఒకే పనికి రెండు గడపలు తొక్కడం మర్యాద కాదనిపించింది.

నవంబర్ 12.
గింజలు. బీమా శాఖ నుంచి మిసెస్ హ్రూస్కా ఫోన్ చేసింది.

"సార్, మీ బీమా కార్డు వెనక్కి తిప్పండి. అడుగున ఏం రాసుంది?"

'నిర్వహణ మాత్రమే.' మా ఇద్దరి పేర్లతో పదకొండేళ్లుగా నా జేబులో ఉన్న కార్డు.

పేరు బీమా కంపెనీదే గానీ డబ్బు ఫ్యాక్టరీదట. కంపెనీ కాగితాలు చూసిపెడుతుంది, అంతే. ఫ్యాక్టరీ సొంత నిధి మీద రాష్ట్ర చట్టం చెల్లదు, ఫెడరల్ చట్టమే. అప్పీలు ఫ్యాక్టరీకే పెట్టాలి. మొదటి ఉత్తరం అందిన నూట ఎనభై రోజుల్లోగా.

లెక్క వేశాను. గడువు మొన్న శనివారంతో అయిపోయింది.

నవంబర్ 13.
ఆ చట్టం చూసే ఫెడరల్ ఆఫీసుకు ఫోన్ చేశాను. గడువు సంగతి ఉత్తరంలో రాశారా అని అక్కడి ఉద్యోగి అడిగాడు. మూడో పేజీలో ఉంది. అయితే ఫ్యాక్టరీ నియమం తప్పలేదన్నాడు. జాలిగానే అన్నాడు.

ఆర్డిస్‌కు చెప్పాను. కార్డు అడిగి తీసుకుంది. చాలాసేపు తిప్పి తిప్పి చూసింది.

"మా ముసలాడు చట్టమంతా చదివాడు. కార్డు చదవలేదు."

నవ్వింది. తర్వాత నా చేతి మీద చెయ్యి వేసింది. "పక్షులకు పోశావా?"

పోయలేదు. వెళ్లి పోశాను.

జనవరి 20.
మైనస్ పద్దెనిమిది. గింజలు. ఆమె మంచం కిటికీ దగ్గరికి జరిపాను.

ఫిబ్రవరి 9.
గింజలు. ఆమె చూడలేదు.

మార్చి 3.
ఎండ. మంచు కరుగుతోంది. టపాలో కొత్త కార్డు వచ్చింది. ఒక్క పేరే, నాది. తిప్పి చూశాను. అడుగున అదే మాట. వాకిలి ఊడ్చాను. కారుకు ఆయిల్ మార్చాను. పక్షులకు —