సంగటిలో ఉండలు

పెద్దమ్మకు బెంగళూరు పక్కన చందాపుర నుంచి నీ మరిది కూతురు రాసేది.

జాతరకు పిలిచి బాగా చూసుకున్నావు. మర్యాదకు చెప్పాల్సింది చెప్పినా. ఇంక కడుపులో ఉండేది చెప్తా. ఫోన్లో అయితే నవ్వి పెట్టేస్తావని రాస్తా ఉండా. నీ కొడుకు అమరనాథన్నతో చదివించుకో. నీ కోడలు మునిలక్ష్మికి తెలుగు చదవను రాదు, అదే మేలు.

అది తుమకూరు నుంచి వచ్చి రెండేండ్లు కాలేదు. నేను పుట్టింది బెంగళూరులో అయినా మా నాయిన పుట్టింది ఆ ఇంట్లోనే గదా? నాకేమో కుర్చీ, అంగడి నుంచి తెప్పించిన నీళ్ళ బాటిల్. అందరికీ సంగటి పెట్టి నాకొకదానికే అన్నం వండించినావు. "బెంగళూరోళ్ళు, మీకు ఇవన్నీ పడవులేమ్మా" అన్నావు. పెద్దమ్మా, మాకు ఈడ దినమ్మూ సంగటే. తిన్న తట్ట కూడా నన్ను ఎత్తనీలేదు.

ఆ పొద్దు వాకిట్లో పొయ్యి మీద మునిలక్ష్మి కెలికిన సంగటి, పిండి సరిగ్గా కలవక ఉండలు కట్టింది. "ఏమే, చేతులుండాయా లేవా నీకు?" అని అందరి ముందరా దాన్ని తిట్టినావు. అది నవ్వుతా మళ్ళీ కెలికింది. నాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి. పొగ అనుకోని నువ్వు నా కుర్చీని ఇంకొంచెం దూరం జరిపించినావు.

వచ్చే జాతరకు పిలవకపోయినా వస్తా. సంగటి నేనే కెలుకుతా. మా ఇంట్లో నా సంగటికి వంక పెట్టేవాళ్ళు లేరు. ఆ పొద్దు మాత్రం కావాలనే ఉండలు కట్టిస్తా. అందరి ముందరా తిట్టు పెద్దమ్మా.