ఓనరుగారికి ఇక్కడెవరూ లేరు

అక్కా,

ఫోన్ చేసే మొహం లేక రాస్తున్నాను. మన ఇంటిని టూరిస్టులకు అద్దెకిస్తున్నప్పటి నుంచీ దుప్పట్లు ఉతికిందీ, తాళాలిచ్చిందీ నువ్వే. అలాంటిది, నీకు మాటమాత్రం చెప్పకుండా మేనేజర్‌ని పెట్టాను. పైగా ఆ ఊళ్లో నాకెవరూ లేరని అతనితో అన్నాను.

నిన్న నువ్వు పక్కలు సర్దుతుంటే అతను వచ్చి, "ఎవరమ్మా మీరు? ఓనరుగారికి ఇక్కడెవరూ లేరన్నారే!" అన్నాడట. నా మాట అబద్ధం కాకూడదనేమో, "పనిమనిషిని బాబూ" అన్నావట.

ఇదంతా అతనే ఫోన్లో చెప్పి, "పనావిడ మంచి పనిమంతురాలండీ, ఉంచమంటారా?" అని అడిగాడు. "మా అక్కండీ" అనాల్సింది. "ఉంచండి" అన్నాను.

ఆదివారం వస్తున్నాను. అతని ముందే నిన్ను అక్కా అని పిలుస్తాను. నువ్వు మాత్రం "ఏంటమ్మగారూ" అని పలక్కు.

నీ చెల్లి